రెండు ఊళ్ల గుండెదడ

కార్క్, ఐర్లండ్
జనవరి 19

హైమా,

ఫోన్లో చెప్పలేనిది మెయిల్లో రాస్తున్నాను. వీడియో కాల్‌లో నీ వెనక మీ అత్తగారో మీ పాప స్వాతియో తిరుగుతుంటారు. నా పక్కన మా ఆయన రాఘవ ఉంటాడు. బాగున్నారా అంటే బాగున్నాం అనుకుని పెట్టేస్తాం. నేను బాగా లేను.

దసరా వెళ్లిన దగ్గర్నుంచీ ఒంట్లో ఎవరో మోటారు పెట్టి స్విచ్చి వేసి మర్చిపోయినట్టుంది. ఒకచోట కూర్చోలేను. పనిచేసే క్రెష్‌లో పసిపిల్లల కోట్లకి గుండీలు పెడదామంటే వేళ్లు నిలవవు. రాఘవ కంటే ఎక్కువ తింటున్నాను, అయినా బట్టలు వదులైపోతున్నాయి. ఈ చలిలో నేను కిటికీలు తెరుస్తాను, తను స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని మూసేస్తాడు. దానిమీద రోజూ గొడవ. నిన్న సాక్సు కనబడలేదని ఏడ్చాను.

డాక్టర్ని చూశాను. ఇక్కడ ఎవరికి ఏమొచ్చినా ముందు ఆ వీధి డాక్టరే, జీపీ అంటారు. ఫోన్ చేస్తే రిసెప్షన్ ఆవిడ ఎంతో ముద్దుగా మాట్లాడి, పై వారం కాదు ఆ పై వారానికి రమ్మంది. ఈలోగా రోగమైనా పోతుంది, నేనైనా పోతాననుకున్నాను. మనిషి మాత్రం మంచివాడు. లేచి నిలబడి నా కోటు తీసి తగిలించాడు. నిద్ర గురించి, పని గురించి, అమ్మ గురించి అడిగాడు. ఇంత ఓపిగ్గా నా మాట ఎవరు విన్నారని నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంతా విని, దూరదేశం, చీకటి చలికాలం, పసిపిల్లలతో ఉద్యోగం, ఇవన్నీ కలిసి మనిషిని ఇలా చేస్తాయన్నాడు. కాఫీ తగ్గించమన్నాడు, నది ఒడ్డున నడవమన్నాడు, నెలకీ తగ్గకపోతే రమ్మన్నాడు. ఒక్క చుక్క రక్తం తియ్యలేదు.

మన ఖరగ్‌పూర్ ఖరిదా బజారులో అయితే ఈపాటికి అన్ని పరీక్షలూ అయిపోయి, సంచీడు మాత్రలు ఇంట్లో ఉండేవి.

నాకు పిచ్చి పడుతోందా హైమా? మొహమాటం లేకుండా చెప్పు.

నీ సుచరిత

* * *

తాల్‌బగీచా, ఖరగ్‌పూర్
ఫిబ్రవరి 2

ఒలే సుచీ,

నీకు పిచ్చి లేదు. ఉంటే నాకూ ఉన్నట్టే. నువ్వు రాసిందంతా చదివి, ఇది నా కథ నీకెవరు చెప్పారా అనుకున్నాను.

పూజల రోజుల్లో నాకూ ఇలాగే మొదలైంది. రైల్వే వర్క్‌షాపులో నా క్రేన్ నిచ్చెన ఎక్కేసరికి గుండె గొంతులోకి వచ్చేసేది. వయసనుకున్నాను, రక్తం తక్కువనుకున్నాను. చివరికి ఒక ఉదయం డ్యూటీకి వెళ్తూ ఖరిదా బజారులో ల్యాబ్ దగ్గర సైకిలు ఆపి, నాకు అన్నీ చూసెయ్యండన్నాను. చీటీ అడగలేదు, ఎవరు పంపారని అడగలేదు. సాయంత్రానికి రిపోర్టు నా ఫోన్లో ఉంది. థైరాయిడ్, సుచీ. చాలామందికి ఉన్నట్టు తక్కువది కాదు, ఎక్కువది. ఆ గ్రంథి ఒళ్లంతటినీ ఉరుకులు పెట్టిస్తుందట.

రిపోర్టు పట్టుకుని ఒక పెద్ద డాక్టరు ఛాంబరుకి వెళ్లాను. మెట్ల మీద కూడా జనమే. నా వంతు వచ్చేసరికి నేను స్టూలు మీద పూర్తిగా కూర్చోకముందే ఆయన రాసేశాడు. నేను ఏం పని చేస్తానో అడగలేదు. నేను నోరు తెరిచేలోగా వెనకాయన స్టూలు లాక్కున్నాడు. ఇప్పుడు ఆ మాత్రలు మందుల షాపులో నేనే అడిగి తెచ్చుకుంటున్నాను. మొదలుపెట్టి కొద్దిరోజులే అయింది. నీకు పరీక్ష లేకుండా మాటలు దొరికాయి, నాకు మాటల్లేకుండా పరీక్ష దొరికింది. ఇద్దరం కలిస్తే ఒక రోగికి వైద్యం అయ్యేది.

రైల్వే ఆసుపత్రికి ఎందుకు వెళ్లలేదని అడుగుతావని తెలుసు. అక్కడికి వెళ్తే నా మెడికల్ కార్డులో ఎక్కుతుంది. కార్డులో ఎక్కితే, క్రేన్ నడపడానికి తగదని రాస్తారు. కట్టుకున్న కిరణ్‌కి కూడా చెప్పలేదు. చెబితే వాడు మొదట అనే మాట క్రేన్ దిగమనే. నువ్వూ ఎవరికీ అనకు.

ఆ డాక్టరు దగ్గరికి నెల ఆగకుండా వెళ్లు. థైరాయిడ్ పరీక్ష చెయ్యండని పేరు పెట్టి అడుగు. మొన్న వీడియోలో నీ కళ్లు చూశాను. కొంచెం ముందుకు వచ్చినట్టున్నాయి. కెమెరా వల్లేమోనని ఊరుకున్నాను.

హైమ

* * *

కార్క్
మార్చి 6

ప్రియమైన హైమా,

నువ్వు చెప్పిందే నిజమైంది. పేరు పెట్టి అడిగాను. డాక్టరు కాసేపు నా మెడ వంక చూసి, నర్సుని పిలిచి రక్తం తీయించాడు. మర్నాడు క్రెష్‌లో పిల్లలకి అన్నాలు పెడుతుంటే ఆయనే ఫోన్ చేశాడు. మొదటిసారే చెయ్యాల్సింది, నాదే పొరపాటు, క్షమించండి అన్నాడు. మన దగ్గర ఏ డాక్టరు నోటా ఈ మాట నేను వినలేదు. కోపం తెచ్చుకుందామన్నా చేతకాలేదు.

నీకిచ్చిన మాత్రే నాకూ ఇచ్చారు, దడ తగ్గడానికి ఇంకోటి. కానీ అసలు స్పెషలిస్టుని చూడాలంటే ఆసుపత్రి పిలవాలి. ఎప్పుడు పిలుస్తారంటే ఎవరికీ తెలియదు. నెలలు అంటారు, ఎన్నో చెప్పరు.

మందుల షాపులో ఆవిడ నన్ను పక్కనున్న చిన్న గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. ఏదో తప్పు చేశానేమోనని భయపడ్డాను. ఈ మాత్ర వేసుకుంటున్నన్నాళ్లూ గొంతునొప్పి, జ్వరం వస్తే జలుబని ఊరుకోవద్దు, మాత్ర ఆపేసి ఆ రోజే రక్తపరీక్షకి వెళ్లాలి, ఎక్కడో ఒకరికి ఇది ఒంట్లోని తెల్లకణాలని తుడిచేస్తుందని చెప్పి, నాచేత మళ్లీ అప్పజెప్పించుకుంది. నీకు ఇది ఎవరైనా చెప్పారా?

ఇప్పుడు నామీద కోపం తెచ్చుకోకు. పిల్లాడి కోటుకి గుండీ పెట్టలేకపోతున్నాను నేను. నువ్వు ఆ చేతులతో టన్నుల ఇనుము మనుషుల నెత్తి మీదుగా తిప్పుతున్నావు. ఇది తప్పు హైమా. చదువుకున్నదానివి. ఇంటికి కూతవేటులో ఆసుపత్రి, పైసా అక్కర్లేదు, వెయిటింగ్ లిస్టు లేదు. నాకే అది ఉంటే పరిగెత్తుకు వెళ్లేదాన్ని. రేపే వెళ్లి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే కిరణ్‌కి చెబుతాను.

సుచరిత

* * *

ఖరగ్‌పూర్
ఏప్రిల్ 11

సుచరితా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాస్తే ఏం రాసేదాన్నో నాకే తెలియదు. అందుకే ఇన్నాళ్లు ఆగాను.

చదువుకున్నదానివి అన్నావు. మీ నాన్నగారు మన తెలుగు బడిలో మాస్టారు, మా నాన్న దేముడు, రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ. ఒకే బెంచీ మీద కూర్చున్నా ఆ తేడా మనిద్దరికీ తెలుసు. నాన్న సర్వీసులో పోతే ఆ ఉద్యోగం నాకిచ్చి స్టోర్సులో బీరువాల మధ్య కూర్చోబెట్టారు. క్రేన్ నేర్చుకుంటానంటే నవ్వారు. రెండుసార్లు కాదన్నారు. మూడోసారి ఎక్కాను. ఆ క్యాబిన్లో కూర్చుంటే షాపంతా నా కిందుంటుంది. కింద అందరూ తలెత్తి నన్ను చూస్తే గాని పని కదలదు. అది పోతే నేను మళ్లీ బీరువాల మధ్యకి. కార్క్‌లో కూర్చుని రేపే వెళ్లమని రాయడం సులువు.

అయినా నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పోయిన వారం ఒక చక్రాల జతని ఎత్తుతున్నాను. కింద సైగలు ఇచ్చేది తవిటయ్య బాబాయి. నాన్నతో పనిచేసినవాడు, మా వీధివాడే. లివరు మీద నా చెయ్యి అదిరింది. జత ఒక్కసారి ఊగింది. బాబాయి వెనక్కి దూకి పడిపోయాడు. ఇనుము ఆయన నిలబడ్డ చోటు మీదుగా వెళ్లి తిరిగొచ్చింది. మోచెయ్యి గీరుకుంది, అంతే. ఎలాగో దించాను. లేవలేకపోయాను.

బాబాయి ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ నొప్పి మోకాళ్లతోనే నిచ్చెన ఎక్కి క్యాబిన్ దాకా వచ్చాడు. ఆయాసం తీర్చుకుని నా చేతుల వంక చూశాడు.

"ఏటమ్మా ఇది. సేతులిలగ వణుకుతుంటే ఎవులికీ సెప్పకుండా ఎక్కేస్తే ఎలగ? ఇయాల కిందున్నాను గాబట్టి నానూరుకున్నాను. రేపింకొకడుంటాడు."

సెలవు పెట్టమన్నాడు. పెట్టాను. ఇంట్లో ఒంట్లో నలతగా ఉందన్నాను. అది అబద్ధం కూడా కాదు, రెండు రోజులుగా గొంతు మండిపోతోంది, ఉమ్మి మింగలేకపోతున్నాను, జ్వరం. ఎండలు మొదలయ్యాయి కదా, దుమ్ము. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకున్నాను. నాలుగు రోజుల్లో డ్యూటీకి వెళ్లిపోతాను. ఇక దీని గురించి నువ్వు రాయకు.

హైమ

* * *

కార్క్
ఏప్రిల్ 11

హైమా,

ఆ మాత్ర ఆపెయ్యి. ఇది చదివిన నిమిషమే ఆపెయ్యి. గొంతునొప్పి, జ్వరం, నేను రాసింది దీని గురించే. కోపంలో చదివి వదిలేసినట్టున్నావు.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మీ అత్తగారు నిద్రపోతున్నావన్నారు, లేపమంటే ఒళ్లు కాలిపోతోంది పడుకోనీమ్మా అన్నారు. కిరణ్‌కి చేశాను. అంతా చెప్పాను. థైరాయిడ్ అని, మాత్రలని, దాచావని. అతను వర్క్‌షాపులో డ్యూటీలో ఉన్నాడు. సాయంత్రం వచ్చి చూస్తానన్నాడు. సాయంత్రం కాదు, ఇప్పుడే అని అరిచాను. ఆ అరుపుకి ఇక్కడ పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు.

రైల్వే ఆసుపత్రికే వెళ్లండి. బజారు డాక్టరు దగ్గరికి కాదు. థైరాయిడ్ తగ్గించే మాత్ర వేసుకుంటున్నానని, తెల్లకణాలు లెక్కపెట్టమని ముందే చెప్పు. మాత్రల అట్ట పట్టుకెళ్లు.

మాట తప్పాను. తర్వాత తిట్టు. ఏదో ఒకటి రాయి, ఎవరిచేతైనా రాయించు.

సుచి

* * *

ఖరగ్‌పూర్
మే 9

సుచీ,

ఇంటికి వచ్చి రెండు వారాలైంది. వేళ్లలో బలం ఇప్పుడిప్పుడే వస్తోంది, అందుకే ఇంత ఆలస్యం. కిరణ్ నీకు కబురు చెబుతూనే ఉన్నాడట.

వాడు ఆ రోజు మసి బట్టలతోనే షాపులోంచి వచ్చేశాడు. టోటో రిక్షాలో నన్ను పడుకోబెట్టి తీసుకెళ్లాడు. క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు ఒక బెంగాలీ ఆవిడ. నువ్వు చెప్పమన్నది చెప్పి మాత్రల అట్ట చూపించాను. ఆవిడ అట్ట చూసి, నా నోట్లో లైటు వేసి చూసి, రక్తం తనే స్వయంగా పంపించింది. రిపోర్టు వచ్చింది. తెల్లకణాలు దాదాపు లేవట. నన్ను విడిగా గాజు తలుపు గదిలో పెట్టారు. వచ్చినవాళ్లందరూ మాస్కులే, ఎవరెవరో కళ్లు చూసి గుర్తుపట్టాల్సిందే. మొదట్లో ఏం జరిగిందో నాకు సరిగా తెలియదు. సూదులు, సెలైను, చలి. నోరంతా పుండు. నా పక్కన నాన్న కూర్చున్నాడనుకుని మాట్లాడానట.

కాస్త తేరుకున్నాక ఆ డాక్టరు దీదీ అడిగింది, రైల్వే కార్డు ఇంట్లో పెట్టుకుని బజారు మాత్రలు ఎందుకు తిన్నావని. క్రేన్ పోతుందని, అన్నాను. రాస్తున్న పెన్ను ఆపింది.

"క్రేన్ వాపస్ మిల్ జాయేగా," అంది. "ఆప్ నహీ మిలేంగీ." నిజమే, క్రేన్ మళ్లీ దొరుకుతుంది, నేను దొరకను.

నువ్వు నన్ను బతికించావు. అది నాకు తెలుసు. కానీ కిరణ్ సంగతి కూడా రాయాలి. రోజూ గాజు తలుపు అవతల స్టూలు వేసుకుని కూర్చునేవాడు. మాట్లాడేవాడు కాదు. డిశ్చార్జికి ముందు రోజు ఒక్కసారి అన్నాడు. "నా పెళ్లానికి రోగముందని ఐర్లండ్ నుంచి ఫోనొస్తే గాని నాకు తెల్దు. అడిగినోళ్లకి ఏటి సెప్పమంటావు?" ఆ మాట నేను చెప్పాల్సింది, నువ్వు చెప్పావు. నీ మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు. రోజూ కొంచెం పోతోంది.

ఆ మాత్ర నేనిక ముట్టుకోకూడదు. కోల్‌కతా తీసుకెళ్లి రేడియో అయోడిన్ ఇస్తారట, ఒక్క గుటక మందు, గ్రంథిని అదే కాల్చేస్తుంది. జూలైలో. ఆ తర్వాత కొన్నాళ్లు ఒంట్లో రేడియేషన్ ఉంటుందట, స్వాతిని దగ్గరికి తీసుకోకూడదు. కార్డులో రాశారు, క్రేన్‌కి ప్రస్తుతానికి తగదని. మొన్నటి నుంచి టూల్ రూములో వేశారు. స్పానర్లు ఇస్తాను, తీసుకుంటాను. షాపులో క్రేన్ కదిలిన చప్పుడు వస్తే తలెత్తకుండా ఉండడం నేర్చుకుంటున్నాను. నేను భయపడ్డదంతా జరిగింది. అయినా అన్నం తింటున్నాను.

హైమ

* * *

కార్క్
జూన్ 3

ప్రియమైన హైమా,

కోపం ఉండనీ. ఉన్నందుకు సంతోషం. ఆ వారమంతా నీ కోపం మళ్లీ వినబడితే చాలనుకున్నాను.

ఇప్పుడు నా వంతు. ఏప్రిల్ మొదట్లోనే స్పెషలిస్టు దగ్గర్నుంచి కబురు వచ్చింది, వచ్చే ఏడాది పిలుస్తామని. నీకు రాయలేదు. మార్చిలో నిన్ను ఆసుపత్రికి వెళ్లమని అంత గట్టిగా రాసింది కూడా నాకు వెళ్లడానికి దారి లేకే. ఆ కోపం మీదే జూలైకి కోల్‌కతా టికెట్ కొనేశాను. రెండు రోజుల్లో అన్ని పరీక్షలూ చేయించుకుని, పెద్ద డాక్టర్ని చూసి, ఆరు నెలల మందులు పెట్టెలో వేసుకుని వచ్చేద్దామని. ఇక్కడ మనవాళ్లందరూ చేసే పనే అది. పంటికి, కంటికి, మోకాలికి, అన్నిటికీ సెలవుల్లో ఇండియా.

నీకు అలా జరిగాక మా డాక్టర్ని కలిసి టికెట్ సంగతి చెప్పాను. ఆయన, అక్కడ పరీక్షలు తొందరగా అవుతాయి సరే, తిరిగొచ్చాక నెలనెలా మిమ్మల్ని చూసుకునేది ఎవరు అన్నాడు. ఇక్కడ మాత్రం ఎవరు చూస్తున్నారని అడిగాను. ఇంత గట్టిగా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన, నేను అక్కడుండగానే ఆసుపత్రికి ఫోన్ చేసి, లైను కలిసేదాకా చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. బయట జనం ఎదురుచూస్తున్నారు. ఆ పై వారం అక్కడి థైరాయిడ్ నర్సు నాకు ఫోన్ చేసింది. నెలనెలా రక్తం చూసి ఆవిడే మోతాదు చెబుతుందట. స్పెషలిస్టు ఇంకా వచ్చే ఏడాదే. అరవకపోతే ఈ నర్సు కూడా ఉండేది కాదేమో. అరవడం చేతకానివాళ్లు ఇక్కడ ఏం చేస్తారో తెలియదు.

టికెట్ రద్దు చెయ్యలేదు. నా కోసం కాదు. కిరణ్ ఇంట్లో స్వాతి దగ్గరుండాలి. నీతో కోల్‌కతా ఎవరు వస్తారు? వద్దని రాయకు. రాసినా వస్తాను.

నీ సుచి

* * *

తాల్‌బగీచా, ఖరగ్‌పూర్
జనవరి 24

ఒలే సుచీ,

నీ థైరాయిడ్ లెవెళ్లు దారికొచ్చాయని చదివి స్వాతికి మిఠాయి కొనిచ్చాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. నాకు మాత్రం అయోడిన్ తర్వాత అటు ఎక్కువైంది ఇటు తక్కువైపోయి, ఇప్పుడు పొద్దున్నే ఒక మాత్ర, బతికినన్నాళ్లూ. ఈ మాత్ర రైల్వే ఆసుపత్రి కిటికీలోనే తీసుకుంటున్నాను. జూలైలో కోల్‌కతా ఆసుపత్రి హాల్లో నువ్వు అడిగిన ప్రశ్నలకి టెక్నీషియన్, మీరు డాక్టరా అని అడగడం కిరణ్‌కి ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను. వాడు నవ్వుతున్నాడు. మాట్లాడుకుంటున్నాం.

నిన్న జరిగింది రాయాలి.

పోయిన వారం మెడికల్ బోర్డు అయింది. చేతులు చాపమని వేళ్ల మీద కాగితం పరిచారు. కదల్లేదు. క్రేన్‌కి తగును అని రాశారు. నిన్న మొదటి రోజు. రాత్రి నుంచే ఆగలేకపోయాను. షాపులో అందరూ చూస్తున్నారు, చూడనట్టు నటిస్తున్నారు. నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాను. సగం ఎక్కేసరికి గుండె దడదడమంది. చేతులు చెమట. అచ్చం అప్పట్లాగే. ఇది రోగానిదా, భయానిదా? ఎంతసేపు నిలబడినా తేలలేదు. ఇదివరకైతే పళ్లు బిగించి ఎక్కేసేదాన్ని.

దిగిపోయాను. సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి, సార్, నాకు గుండె దడగా ఉంది, చూపించుకుని వస్తాను అన్నాను. అందరూ వింటుండగానే అన్నాను. ఆయన తెల్లబోయి, వెళ్లమన్నాడు.

ఆసుపత్రిలో వరసలో కూర్చున్నాను. ఆ డాక్టరు దీదీయే ఉంది. నాడి చూసింది, ఈసీజీ తీయించింది, పొద్దుటి మాత్ర వేసుకున్నావా అని అడిగింది. ఈసీజీ కాగితం చూసి నా చేతికిచ్చింది.

"సబ్ ఠీక్ హై. యే తో డర్ హై. ఇస్కీ గోలీ మేరే పాస్ నహీ హై."

భయమే, దానికి మాత్ర లేదంటే, తెచ్చుకున్నదాన్ని నేనే మోసుకుపోవాలి. భోజనాల వేళకి తిరిగి వచ్చాను. మళ్లీ ఎక్కాను. గుండె కొట్టుకుంటూనే ఉంది, కొట్టుకోనీ అనుకున్నాను. లివరు మీద చెయ్యి పెట్టాను. చెయ్యి నా మాట విన్నది. తవిటయ్య బాబాయి కింద నుంచి ఎత్తమని అరచెయ్యి తిప్పాడు. బోగీ ఫ్రేమ్ ఎత్తి, షాపు ఈ కొస నుంచి ఆ కొసకి తీసుకెళ్లి, ఆయన చూపించిన గీత మీద దించాను.

షిఫ్టు అయిపోయి నేల మీదికొచ్చాక మొదలైంది వణుకు. గేటు బయట బాబాయి టీ చెప్పాడు. గ్లాసు పట్టుకుంటే సగం టీ నా బట్టల మీదే పడింది. చెయ్యి వెనక్కి దాచుకోలేదు. "ఇంకోటి తెప్పించనా?" అన్నాడు. తెప్పించమన్నాను. అదీ ఒలికింది. ఇద్దరం నవ్వుతూ నిలబడ్డాం.

హైమ